ఆల్ప్స్‌లో రద్దీ లేని స్కీ గ్రామం: ఏది ఎంచుకోవాలి?

ప్రశ్న

ఈ శీతాకాలంలో ఒక వారం ఆల్ప్స్‌లో గడపాలని అనుకుంటున్నాము. నేనూ నా భార్యా నీలం గుర్తున్న తేలికపాటి వాలుల మీద తడబడకుండా దిగగలం. పన్నెండేళ్ల మా అమ్మాయి మాత్రం ఇంతవరకు స్కీలు తొడగలేదు. షామొనీ, జెర్మాట్ వంటి పేరుమోసిన చోట్ల, కొండ పైకి చేర్చే లిఫ్టుల దగ్గర బారులు తీరి నిలబడటం, అర్ధరాత్రి దాకా బార్ల హోరు వినడం మాకు ఇష్టం లేదు. కారు నడపము కాబట్టి రైలు, బస్సుల్లోనే చేరుకోగలగాలి. ఫ్రాన్స్‌లోని బొన్‌వాల్ సుర్ ఆర్క్, స్విట్జర్లాండ్‌లోని అరొల్లా మా దృష్టిలో ఉన్నాయి. క్రిస్మస్ సెలవుల్లో గానీ, జనవరి మూడో వారంలో గానీ వెళ్లగలం. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

మొదటి సమాధానం

నిశ్శబ్దమే ప్రధానమైతే బొన్‌వాల్‌కు సాటి తక్కువ. సుమారు 1,800 మీటర్ల ఎత్తులో ఉన్న ఈ రాతి ఇళ్ల ఊరి నుంచి వాల్ దిజేర్ అనే స్కీ కేంద్రం వైపు వెళ్లే ఇజెరాన్ కనుమ (2,764 మీటర్లు) చలికాలమంతా మూసి ఉంటుంది కనుక, దారి ఇక్కడితోనే ఆగిపోతుంది, ఊరి మీదుగా పోయే వాహనాలంటూ ఉండవు. లిఫ్టులు దాదాపు 3,000 మీటర్ల దాకా వెళతాయి. ఇటలీ వైపు నుంచి వచ్చే తూర్పు గాలులు, పక్క లోయలు వెలవెలబోతున్న రోజుల్లో కూడా ఇక్కడ మంచు కురిపిస్తుంటాయి. మొదాన్‌లో రైలు దిగి బస్సు ఎక్కాలి. ఒక్క ఇబ్బంది ఉంది: భారీగా మంచు పడితే కొండల మీది మంచు జారిపడుతుందనే భయంతో పక్క గ్రామమైన బెస్సాన్‌కూ బొన్‌వాల్‌కూ మధ్య రోడ్డును మూసేస్తుంటారు. తిరుగు ప్రయాణానికి ఒక రోజు వెసులుబాటు ఉంచుకోండి.

రెండో సమాధానం

పై సలహా బాగుంది కానీ అందులో అమ్మాయి సంగతి రాలేదు. జనం తక్కువగా వచ్చే చోట్ల కొత్త లిఫ్టులకు డబ్బు సమకూరదు కనుక, స్కీల మీద నిలబడ్డవారిని వాలు మీదుగా పైకి లాగే పాత డ్రాగ్ లిఫ్టులే మిగులుతాయి. అరొల్లా దాదాపు పూర్తిగా వాటి మీదే నడుస్తోంది. తిరగేసిన టీ అక్షరంలా ఉండే కడ్డీని తొడల వెనక ఆనించుకుని, మోకాళ్లు కాస్త వంచి, నిలబడే పైకి వెళ్లాలి. అలవాటు లేనివారు దాని మీద కూర్చోబోతారు, కూర్చున్న మరుక్షణం వెల్లకిలా పడతారు. మొదటి రోజే ఇలా నాలుగుసార్లు పడితే ఏ పిల్లకైనా విరక్తి పుడుతుంది.

మీకు స్విట్జర్లాండ్‌లోనే ఉన్న గ్రిమెంట్జ్ నయమని నా అభిప్రాయం. ఎండకు నల్లబడిన పాత కొయ్య ఇళ్లతో, 1,570 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరికి సియేర్ రైల్వే స్టేషన్ నుంచి బస్సులున్నాయి. ఊళ్లోనే గొండోలా (తీగ మీద వేలాడుతూ వెళ్లే చిన్న పెట్టె) ఎక్కితే దాదాపు 2,100 మీటర్ల ఎత్తున ఉన్న బెండొల్లా చేరతారు. కొత్తవారు నేర్చుకునే చోటు అక్కడే, కాబట్టి ఊళ్లో మంచు పలచబడినా పాఠం ఆగదు. మీరిద్దరూ కేబుల్ కారులో పక్క ఊరైన జినాల్ వైపు వెళ్లి రావచ్చు. అయితే పైనుంచి గ్రామాలకు దిగే వాలుల్లో కష్టమైనవి ఉన్నాయి, సాయంత్రం అలసిన కాళ్లతో వాటి జోలికి పోకుండా లిఫ్టులోనే దిగండి. స్విట్జర్లాండ్ ఖర్చు గురించి చెప్పనక్కరలేదు.

మూడో సమాధానం

ఊరి పేరు కన్నా వారం ముఖ్యం. ఎంత మారుమూల గ్రామమైనా క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా నిండిపోతుంది, ఫిబ్రవరిలో ఫ్రాన్స్ బడులకు ప్రాంతాల వారీగా సెలవులు మొదలయ్యాక మళ్లీ అదే పరిస్థితి. ఈ రెంటి మధ్య పడే జనవరి మూడో వారం అతి ప్రశాంతంగా ఉంటుంది. చలి తీవ్రంగానే ఉంటుంది, పగలు చిన్నది. ఇంకొక విషయం, ఖాళీ వారాల్లో స్కీ పాఠశాలలు తగినంతమంది లేకపోతే సామూహిక పాఠాలను రద్దు చేయవచ్చు. ఇంగ్లీషులో చెప్పే శిక్షకుడు ఆ వారం ఉంటాడో లేదో గది తీసుకోకముందే రాసి అడగండి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. డ్రాగ్ లిఫ్టుల సంగతి మాకు తట్టనే లేదు. జనవరిలో గ్రిమెంట్జ్ వెళ్లాలని దాదాపు నిశ్చయించుకున్నాము. బీమా విషయంలో ఏమి చూసుకోవాలి?

రెండో సమాధానం ఇచ్చినవారు

మామూలు ప్రయాణ బీమాలో స్కీయింగ్ చేరి ఉందో లేదో, కొండ మీది నుంచి హెలికాప్టరులో దింపే ఖర్చు ఇస్తారో లేదో చూడండి. స్విట్జర్లాండ్‌లో ఆ బిల్లు మీ పేరనే వస్తుంది. గుర్తులు పెట్టిన వాలులు దాటి వెళ్తే చాలా పాలసీలు వర్తించవు.