సేవ్ లెక్క ఉంచాలా, తీసేయాలా? రిలీఫ్ పిచర్ల పేరు ఎవరి ఖాతాలో పడుతోంది

బేస్‌బాల్_పిచ్చోడు:
2007 ఆగస్టు 22న బాల్టిమోర్‌లో టెక్సాస్ రేంజర్స్ 30-3తో ఓరియోల్స్‌ను చిత్తు చేసింది. ఆ బేస్‌బాల్ మ్యాచ్‌లో రేంజర్స్ పిచర్ (బంతి వేసేవాడు) వెస్ లిటిల్టన్‌కి సేవ్ రాశారు. అంటే మధ్యలో వచ్చి, జట్టు ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడిన రిలీఫ్ పిచర్ (రిలీవర్) పేరిట రాసే లెక్క. ఏడో ఇన్నింగ్స్‌లో అతను బంతి అందుకునేసరికే స్కోరు 14-3! అయినా రూలు ప్రకారం సరైనదే. ఆధిక్యం ఎంతున్నా సరే, చివరి మూడు ఇన్నింగ్స్ బాగా వేసి మ్యాచ్ ముగిస్తే సేవ్ వస్తుంది. అదే ఒక్క పరుగు ఆధిక్యంలో, ప్రత్యర్థి రన్నర్లతో బేస్‌లన్నీ నిండి ఉండగా ఏడో ఇన్నింగ్స్‌లో వచ్చి ఇద్దర్ని స్ట్రయికౌట్ చేసి వెళ్లినవాడికి మాత్రం రాదు. ఈ లెక్కను అధికారిక రికార్డుల్లోంచి తీసేయాలని నా వాదన.

పాతకాలం_అభిమాని:
తీసేయమనడం తేలికే తమ్ముడూ, అది ఎందుకొచ్చిందో చూడు. 1959లో పిట్స్‌బర్గ్ రిలీవర్ ఎల్రాయ్ ఫేస్ ఖాతాలో 18 గెలుపులు, ఒక్క ఓటమి రాశారు. అందులో కొన్ని, ఆధిక్యాన్ని తనే పోగొట్టాక బ్యాటర్లు మళ్లీ కొట్టిపెట్టడంతో వచ్చిన గెలుపులు. ఇది చూసి ఒళ్లు మండిన చికాగో విలేకరి జెరోమ్ హోల్ట్జ్‌మన్ సేవ్ లెక్క కట్టాడు. 1969లో అది అధికారికమైంది. యాంకీస్ క్లోజర్ (ఆధిక్యాన్ని కాపాడి మ్యాచ్ ముగించడానికి చివర్లో వచ్చే రిలీవర్) రివెరాకి 652 సేవ్‌లు ఊరికే రాలేదు. 2019లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఓటేసినవాళ్లలో ఒక్కరు కూడా అతన్ని కాదనలేదు. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ టెన్షన్ అందరూ తట్టుకోలేరు.

లెక్కల_మాస్టారు:
రివెరా గొప్పతనం సేవ్‌ల వల్ల వచ్చింది కాదండీ, ఆ లెక్క లేకపోయినా అతను గొప్పవాడే. నా అభ్యంతరం వేరు. ఈ లెక్క మేనేజర్ల బుర్రను కూడా పట్టేసింది.

2016 వైల్డ్‌కార్డ్ మ్యాచ్ గుర్తుందా? టొరంటోలో స్కోరు 2-2, మ్యాచ్ 11వ ఇన్నింగ్స్‌లోకి వెళ్లింది. ఓడితే సీజన్ అయిపోయినట్టే. ఓరియోల్స్ క్లోజర్ జాక్ బ్రిటన్ ఆ ఏడాది 47 సేవ్ అవకాశాల్లో 47 నిలబెట్టాడు, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి తన ఖాతాలో పడే పరుగుల సగటు) 0.54. అలాంటివాణ్ణి బుల్‌పెన్‌లో (రిలీవర్లు వేచి ఉండే చోటు) కూర్చోబెట్టి మేనేజర్ షోవాల్టర్ ఉబాల్డో హిమెనెజ్‌ను దింపాడు. టొరంటో బ్యాటర్ ఎన్కార్నాసియన్ మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టాడు, 5-2, కథ ముగిసింది. ప్రత్యర్థి సొంత మైదానంలో స్కోరు సమంగా ఉంటే సేవ్ పరిస్థితి కాదు కదా! ఆధిక్యం వచ్చాక వాడదామని దాచుకున్న ఆయుధం దాచినచోటే ఉండిపోయింది. ఆ మ్యాచ్ తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

డబ్బు సంగతి కూడా చూడండి. 2017లో యాంకీస్ రిలీవర్ డెలిన్ బెటాన్సెస్ ఆర్బిట్రేషన్‌లో (జీతం వివాదాన్ని తేల్చే విచారణ) 50 లక్షల డాలర్లు అడిగితే 30 లక్షలే వచ్చాయి. అతను క్లోజర్ కాదన్నదే జట్టు వాదన.

పాతకాలం_అభిమాని:
అలాంటివాళ్ల కోసమే హోల్డ్ ఉందిగా మాస్టారూ, ఆధిక్యాన్ని నిలబెట్టి తర్వాతి పిచర్‌కి అప్పగించినవాడికి రాసేది?

లెక్కల_మాస్టారు:
హోల్డ్ అధికారిక లెక్క కాదు. పైగా మూడు పరుగుల ఆధిక్యంలో వచ్చి, ఒక్క ఔట్ తీసి, రెండు పరుగులిచ్చుకుని వెళ్లినా హోల్డే. సేవ్ కూడా అంతే. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు పరుగులిచ్చి 3-2తో బయటపడ్డా ఖాతాలో సేవ్ పడుతుంది, ఆ ఇన్నింగ్స్ ఈఆర్ఏ మాత్రం 18.

బేస్‌బాల్_పిచ్చోడు:
ఈఆర్ఏ కూడా ఏం నిజం చెబుతుంది? ముందు పిచర్ బేస్‌ల మీద వదిలిన ముగ్గుర్నీ రిలీవర్ హోమ్ ప్లేట్ చేరనిచ్చి పరుగులిచ్చేస్తే ఆ పరుగులు ముందువాడి ఖాతాలోకే పోతాయి. నిప్పు ఆర్పడానికి వచ్చి పెట్రోలు పోసినా చొక్కాకి మరక అంటదు.

పాతకాలం_అభిమాని:
సరే, మరి దాని బదులు ఏం పెడతావు? ప్రతి బంతికీ గెలుపు అవకాశం ఎంత మారిందో కట్టే లెక్క ఉంది, నాకూ తెలుసు. కానీ స్టాండ్స్‌లో కూర్చున్నవాడు దాన్ని వేళ్ల మీద లెక్కపెట్టుకోగలడా? సేవ్ అయితే పదేళ్ల పిల్లాడికి కూడా అర్థమవుతుంది. నేను దాన్ని వదులుకోను.

బేస్‌బాల్_పిచ్చోడు:
వేళ్ల మీద లెక్కపెట్టగలిగేదే అడుగుతున్నా అన్నా. రిలీవర్ వచ్చేసరికి బేస్‌ల మీద ఎందరున్నారు, వాళ్లలో ఎందరు హోమ్ ప్లేట్ చేరి పరుగు తీశారు? రెండే అంకెలు. బాక్స్ స్కోర్ (మ్యాచ్ అంకెల పట్టిక) అడుగున చిన్న అక్షరాల్లో ఇప్పటికే వేస్తున్నారు. టీవీలో రిలీవర్ నడిచొస్తుంటే సేవ్‌ల సంఖ్య పక్కన వాటినీ సీజన్ మొత్తానికి వేయమనండి చాలు.