మెక్సికో సిటీ వాళ్ళని "చిలాంగో" అనొచ్చా, అనకూడదా?

మాంటెర్రే_నుంచి: రెండేళ్ళుగా మెక్సికోలోనే ఇంకో ఊరు మాంటెర్రేలో ఉద్యోగం. ఇక్కడోళ్ళు "మేం రెహియోలం" అంటారు, గ్వాదలహారా వాళ్ళు తపతీయో, వెరాక్రూజ్ వాళ్ళు హరోచో, అందరూ గర్వంగానే చెప్పుకుంటారు కదా అని మొన్న లంచ్‌లో టీమ్‌లోకి కొత్తగా వచ్చిన మెక్సికో సిటీ అబ్బాయిని "నువ్వు చిలాంగోవి కదా" అన్నా. రెహియోలు పకపకా నవ్వారు, అతను తలెత్తకుండా టోర్టియా మడుస్తూ "కాపితాలీనో" (రాజధానివాడు) అని సరిదిద్దాడు. ఏం తప్పన్నాను?

కోకో_గింజ: తప్పేం లేదు తమ్ముడూ. నేను నాలుగేళ్ళు ఆ సిటీలోనే ఉన్నా, వాళ్ళే చెప్పుకుంటారు, 2003 నుంచి ఆ పేరుతో మ్యాగజైనే ఉంది. అది కాకపోతే ఇంకేమనాలి? సిటీకున్న దిస్త్రితో ఫెదెరాల్ (డి.ఎఫ్.) అన్న పేరు 2016లో తీసేశాక, దాన్నించి వచ్చిన దెఫేన్యో పాతబడింది, డిక్షనరీలో మెహికేన్యో ఉంది గానీ నోటితో అన్నవాళ్ళు నాకైతే తగల్లేదు.

సీమ_బిడ్డ: అక్కా, ఆ సిటీలో అనుకోవడం వేరు, మాంటెర్రేలో అనిపించుకోవడం వేరు. 1985 సెప్టెంబర్ భూకంపం తర్వాత రాజధాని వదిలి వేరే ఊళ్ళకి పోయిన జనం చాలామంది, వాళ్ళొచ్చి అద్దెలు పెంచారని, పొగరని అక్కడోళ్ళకి మంట. "దేశసేవ చెయ్, ఒక చిలాంగోని చంపు" అని గోడల మీద రాసిన మాట అది, కార్లకి స్టిక్కర్లు కూడా వేసుకున్నారు. నవ్వింది ఎవరో చూడండి.

కోకో_గింజ: హరోచో కూడా ఒకప్పుడు తిట్టే కదా, ఆఫ్రికా రక్తం కలిసినవాళ్ళని ఈసడించడానికి వాడింది. ఇప్పుడు సోన్ హరోచో అంటే సంగీతం. వాడగా వాడగానే మారింది.

సీమ_బిడ్డ: మార్చుకున్నది వెరాక్రూజ్ వాళ్ళు, పక్కూరోళ్ళు కాదు. హైదరాబాద్ హాస్టల్లో నన్ను పేరు పెట్టి పిలవకుండా "ఏయ్ సీమోడా, బాంబులు తెచ్చావా" అనేవాళ్ళు, అదే సీమ అన్న మాట మా కడపోడు అంటే ప్రాణం లేచొచ్చేది. ఆ తేడా నాకు బాగా తెలుసు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

మాంటెర్రే_నుంచి: ఇవాళ కాఫీ దగ్గర అతన్నే అడిగేశా, సారీ కూడా చెప్పా. "మా ఇంట్లో అయితే నేనే చిలాంగో అంటాను, నువ్వన్నావని కాదు, ఆ నవ్వు కుదర్లేదు" అన్నాడు.

కోకో_గింజ: సరే, మాంటెర్రే వరకు ఒప్పుకుంటా. మెక్సికో సిటీలో మాత్రం నేను మానను.