పాత ఫాంట్‌లో ఉన్న 412 కోలాటం పాటలు: యూనికోడ్‌లోకి మార్చడం ఎలా?

కడప డీటీపీ:
కడప ఏడు రోడ్ల దగ్గర నాకు డీటీపీ షాపు ఉంది. మా తెలుగు సారు పులివెందుల వైపు ఊర్లు తిరిగి రాసుకొచ్చిన కోలాటం పాటలు 2004 నుంచి ఎనిమిదేళ్లు నేనే టైప్ చేశాను. మొత్తం 412. సారు పోయారు. నోటు పుస్తకాలకు చెదలు పట్టింది. మిగిలింది నా పేజీమేకర్ ఫైళ్లే. “నెట్‌లో పెడదాం అన్నా, ఎవరైనా వెతికితే దొరకాలి” అంటోంది వాళ్లమ్మాయి. కాపీ చేసి పేస్ట్ చేస్తే తెలుగు పోయి ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు వస్తున్నాయి. ఆ సాఫ్ట్‌వేర్ తెరవడానికి కంప్యూటర్‌కు పెట్టే తాళం లాంటి పరికరం, డాంగుల్, పాడైంది. ఫాంట్ కంపెనీకి ఫోన్ చేస్తే కొత్త వెర్షన్ కొనమన్నారు. పాటలు సారువి, టైపింగ్ నాది. తెరవడానికి ఇంకొకరి గడప తొక్కాలా? రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు.

అనంతపురం వెబ్:
టెన్షన్ పడొద్దన్నా, పాటలు ఎక్కడికీ పోలేదు. ముందు ఆ హార్డ్ డిస్క్ రెండు చోట్ల కాపీ చెయ్యి, ఫాంట్ ఫైళ్లతో సహా. ఆ ఫాంట్లలో లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరమే, దానికి తెలుగు ముక్క బొమ్మ తొడిగారు. ఏ అక్షరానికి ఏ ముక్క అనేది ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. యూనికోడ్‌లో అట్లా కాదు, ఒక్కో అక్షరానికి అందరికీ ఒకటే నంబరు. 1991 నాటి మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది, ఆ పట్టిక ఎవరైనా చూడొచ్చు, వాడొచ్చు. నీ ఫాంట్‌ను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ దొరుకుతుందేమో వెతుకు.

కర్నూలు టీచరమ్మ:
కన్వర్టర్‌ను గుడ్డిగా నమ్మొద్దు నాయనా. ‘స్త్రీ’ తీసుకో. పాత ఫాంట్‌లో ‘సీ’ ముందు, తావత్తు, రావత్తు తర్వాత. యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, చివర్న గుడి దీర్ఘం. ఈ వరసలోనే వత్తులు తారుమారవుతాయి. మా బడి పత్రికకు ప్రతి పేజీ పాత ప్రింటుతో పోల్చి దిద్దాను.

ప్రొద్దుటూరు:
యూనికోడ్ కూడా పెద్ద కంపెనీలదే కదా? పీడీఎఫ్ చేసి గ్రూపులో పెట్టేస్తే పోయె.

అనంతపురం వెబ్:
యూనికోడ్ నడిపే సంస్థలో కంపెనీలు సభ్యులే, నిజం. కానీ నేను రేపు ఫాంట్ చేస్తే వాళ్లను అడగనక్కర్లేదు, పైసా కట్టనక్కర్లేదు. పెద్దన, తిమ్మన, ధూర్జటి ఫాంట్లు ఓపెన్ లైసెన్సుతో ఉచితంగా ఉన్నాయి. గ్రూపులో పడేస్తే ఆ గ్రూపు బయటివాళ్లకు ఎట్లా దొరుకుతుంది?

కడప డీటీపీ:
కన్వర్టర్ దొరికింది. ఇరవై పాటలు మార్చి, టీచరమ్మ చెప్పినట్టు వత్తులు దిద్దుకున్నాను. ‘చిత్రావతి’ అని వెతికితే మూడు పాటల్లో వచ్చింది. వాళ్లమ్మాయికి ఫోన్ చేసి చదివి వినిపించాను. ఇంకా 392 ఉన్నాయి. ఆదివారాలు ప్రూఫులు చూడగలిగినవాళ్లు ఉంటే చెప్పండి.