ఫొరాకోర్ట్, అస్థాలిన్ అయిపోవస్తున్నాయి. అమెరికాలో వాటి బదులు ఏం అడగాలి?

డెంటన్, టెక్సస్ నుంచి, కొత్తగా వచ్చిన విద్యార్థి:

అందరికీ నమస్తే. ఎం.ఎస్. కోసం ఈ ఆగస్టులో వచ్చాను. చిన్నప్పటి నుంచి ఉబ్బసం. గుంటూరులో డాక్టరుగారు ఫొరాకోర్ట్ 200 ఇన్‌హేలర్ పొద్దున రెండు పఫ్‌లు, రాత్రి రెండు పఫ్‌లు రాశారు. ఆయాసం వస్తే అస్థాలిన్ రొటాక్యాప్ (పీల్చే పొడి మందు), పడుకునే ముందు మోంటెయిర్ ఎల్‌సీ. తెచ్చుకున్నవి ఇంకో మూడు వారాలు వస్తాయి. ఇక్కడి ఫార్మసీలో ఫొరాకోర్ట్ అని అడిగితే ఆ పేరుతో మందే లేదన్నారు. యూనివర్సిటీ ఇన్సూరెన్స్ ఉంది. ఎవరిని కలవాలి, ఏమని అడగాలి?

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి, ఫార్మసిస్ట్:

తమ్ముడూ, ముందు బ్రాండ్ పేర్లు పక్కన పెట్టు. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరే ఇక్కడ పనికొస్తుంది. ఫొరాకోర్ట్‌లో ఉన్నవి బ్యుడెసొనైడ్, ఫార్మొటెరాల్. అవే రెండూ ఇక్కడ సింబికార్ట్‌లో ఉంటాయి. దాని జెనరిక్ బ్రేనా 2023 నుంచి దొరుకుతోంది. అస్థాలిన్‌లోది సాల్బ్యుటమాల్, దాన్నే అమెరికాలో అల్బ్యుటెరాల్ అంటారు. రెండు పేర్లు, ఒకటే మందు. ఇది తెలియక వేరే మందు ఇచ్చారేమోనని వాడకుండా దాచేవాళ్ళుంటారు. లెవొలిన్ వాడేవాళ్ళు లెవాల్బ్యుటెరాల్ అని అడగాలి. సీరోఫ్లో వాడేవాళ్ళకు ఫ్లూటికసోన్, సాల్మెటెరాల్ కలిసిన అడ్వెయిర్, లేదా దాని జెనరిక్ విక్సెలా.

ఇక అంకెల సంగతి. నీ డబ్బా మీద 200/6 అని ఉంటుంది, ఇక్కడిదాని మీద 160/4.5. డోసు తగ్గించారని కంగారుపడి పఫ్‌లు పెంచేయకు. మన దగ్గర వాల్వ్ నుంచి బయటపడే మందును లెక్కగడతారు, ఇక్కడ నోట్లోకి చేరేదాన్ని లెక్కగడతారు. మధ్యలో ప్లాస్టిక్ గొట్టానికి అంటుకుపోయేదే ఆ తేడా. అస్థాలిన్ స్ప్రే 100 మైక్రోగ్రాములు ఇక్కడ 90 అయ్యేదీ, లెవొలిన్ 50 ఇక్కడ 45 అయ్యేదీ ఇందుకే. ఫొరాకోర్ట్ 400కి మాత్రం సూటిగా సరిపడేది ఇక్కడ లేదు. 80/4.5, 160/4.5 రెండే వస్తాయి కాబట్టి డాక్టర్ డోసు కొత్తగా కట్టాలి.

రొటాక్యాప్‌లు, రొటాహేలర్ అమెరికాలో అమ్మరు. వాటి స్థానంలో నీకు రాసేది ఎక్కువగా స్ప్రే ఇన్‌హేలరే, వాడే పద్ధతి పూర్తిగా వేరు. మోంటెయిర్ ఎల్‌సీ లాంటి కలిపిన మాత్ర కూడా లేదు. మాంటెలుకాస్ట్ ప్రిస్క్రిప్షన్ మీద ఇస్తారు, లీవోసెట్రిజిన్ జైజాల్ పేరుతో షాపులో నేరుగా కొనుక్కోవచ్చు. మాంటెలుకాస్ట్ మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 మార్చిలో తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టింది: పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు. కొత్త ఊళ్ళో ఒంటరిగా ఉన్నప్పుడు ఇలాంటివి వస్తే ఇంటిమీద బెంగ అనుకుని ఊరుకోవద్దు, మాత్ర సంగతి డాక్టరుకి చెప్పు. ఈ మాత్ర వాడేవాళ్ళ కుటుంబాలకూ ఇది తెలియాలి.

మూడు వారాలున్నాయి కదా అని ఆగకు. ఊపిరితిత్తుల స్పెషలిస్టు అపాయింట్‌మెంటుకి నెలలు పట్టొచ్చు. క్యాంపస్ హెల్త్ సెంటర్లో నర్స్ ప్రాక్టిషనర్ కూడా ఈ మందులు రాయగలరు, ఈ వారమే వెళ్ళు. వెళ్ళేటప్పుడు పాత చీటీ, డబ్బాల ఫొటోలు తీసుకెళ్ళు. నెలకి రిలీవర్ (ఆయాసం వచ్చినప్పుడు వాడే మందు) ఎన్నిసార్లు వాడుతున్నావో, వైసొలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు చివరిసారి ఎప్పుడు మింగావో, ఆసుపత్రిలో ఎప్పుడైనా చేరావో కాగితం మీద రాసుకో. ఈ మూడూ చూసే మందు స్థాయి నిర్ణయిస్తారు.

వెళ్ళకముందే ఇన్సూరెన్స్ వెబ్‌సైట్లో ఫార్ములరీ (వాళ్ళు డబ్బు కట్టే మందుల జాబితా) తెరిచి బ్యుడెసొనైడ్-ఫార్మొటెరాల్ అని వెతుకు. కొన్ని ప్లాన్లు సింబికార్ట్‌కి డబ్బు కట్టి బ్రేనాకి కట్టవు, కొన్ని తిరగేసి. ఏది తక్కువ టియర్‌లో (నువ్వు కట్టేది తక్కువగా ఉండే వరుసలో) ఉంటే అదే రాయమని అడుగు. ఆ పని ముందే చేస్తే కౌంటర్ దగ్గర గొడవ ఉండదు.

కొలంబస్, ఒహాయో నుంచి, రెస్పిరేటరీ థెరపిస్ట్:

పై జాబులో ఒక్క వాక్యంలో వదిలేసిన విషయం దగ్గర నేను ఆగుతాను. రొటాక్యాప్ పీల్చినవాళ్ళకి గట్టిగా, ఒక్క గుక్కలో లాగడం అలవాటు. పొడి మందుకి అదే సరైన పద్ధతి, ఆ ఊపుకే పొడి విడిపోయి లోపలికి పోతుంది. స్ప్రేని అలా లాగితే మందు గొంతు వెనక గోడకి కొట్టుకుని అక్కడే ఆగిపోతుంది. ఊపిరితిత్తులకి చేరదు. "అమెరికా ఇన్‌హేలర్ పనిచేయట్లేదు" అనే ఫిర్యాదుల్లో ఎక్కువభాగం ఇదే.

స్ప్రే అయితే ఇలా: 5 సెకన్లు బాగా ఊపండి. ఊపిరి పూర్తిగా బయటికి వదలండి. పెదాలు బిగించి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెట్టిన క్షణంలోనే నొక్కండి, 3 నుంచి 5 సెకన్లపాటు పీలుస్తూనే ఉండండి. 10 సెకన్లు బిగబట్టండి. రెండో పఫ్‌కి ముందు ఒక నిమిషం ఆగి మళ్ళీ ఊపండి. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరకపోతే స్పేసర్ (ఇన్‌హేలర్ మూతికి తగిలించే గొట్టం) రాయించుకోండి, ఇక్కడ ఎక్కువగా ఏరోచాంబర్ ఇస్తారు. ఇండియా నుంచి తెచ్చిన జీరోస్టాట్ స్పేసర్ ఇక్కడి ఇన్‌హేలర్ మూతికి బిగుతుగా కూర్చోకపోతే వాడొద్దు, సందుల్లోంచి మందు పోతుంది. స్పేసర్‌ని వారానికోసారి గోరువెచ్చటి సబ్బునీళ్ళలో ముంచి తీసి గాలికి ఆరబెట్టాలి. గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్‌కి స్టాటిక్ కరెంటు పట్టి మందంతా గోడలకి అంటుకుంటుంది.

కొత్త డబ్బాని మొదట గాల్లోకి కొట్టాలి. వెంటొలిన్‌కి (అల్బ్యుటెరాల్ బ్రాండ్) 4 స్ప్రేలు, సింబికార్ట్‌కి 2. వెంటొలిన్ 14 రోజులకి మించి, సింబికార్ట్ 7 రోజులకి మించి వాడకపోయినా, కిందపడినా మళ్ళీ అంతే. వెంటొలిన్ ప్లాస్టిక్ గొట్టాన్ని డబ్బా తీసేసి వారానికోసారి 30 సెకన్లు గోరువెచ్చటి నీళ్ళకింద పట్టాలి. కడగకపోతే మూతి దగ్గర తెల్లగా పేరుకుని రంధ్రం పూడుతుంది. సింబికార్ట్‌ని మాత్రం పొడిగుడ్డతో తుడవడమే. రేకు కవరు తెరిచాక సింబికార్ట్‌కి 3 నెలలే గడువు, తెరిచిన తేదీ మార్కర్‌తో డబ్బా మీద రాయండి.

డబ్బా మీది పఫ్‌ల కౌంటర్ 0 చూపాక కూడా స్ప్రే వస్తుంది. వచ్చేది గ్యాసు, మందుకి నమ్మకం లేదు. నీళ్ళలో వేసి తేలితే ఖాళీ అనే పాత చిట్కా తప్పుడు లెక్క, పైగా వాల్వ్ పాడవుతుంది. రంగు చూసి గుర్తుపట్టే అలవాటు కూడా మానండి. అల్బ్యుటెరాల్ జెనరిక్‌ల రంగు కంపెనీని బట్టి మారుతుంది. ఒకదాని డబ్బాని ఇంకొకదాని గొట్టంలో దూర్చకండి, కొలత తప్పుతుంది.

సింబికార్ట్ లాంటి స్టెరాయిడ్ ఉన్నది ఏది పీల్చినా నీళ్ళు పుక్కిలించి ఉమ్మేయాలి. లేకపోతే నాలుక మీద తెల్లటి పూత, గొంతు బొంగురు.

డెంటన్ విద్యార్థి:

అక్కా, అన్నా, చాలా థాంక్స్. ఎల్లుండికి క్యాంపస్‌లో అపాయింట్‌మెంట్ దొరికింది. రెండు సందేహాలు. రూమ్మేట్ సూపర్‌మార్కెట్ అరలో ప్రైమటీన్ మిస్ట్ చూపించాడు, ప్రిస్క్రిప్షన్ అక్కర్లేదట. అది పెట్టుకోవచ్చా? ఇన్సూరెన్స్ వాళ్ళు వద్దంటే ఏం చేయాలి?

ఎడిసన్ ఫార్మసిస్ట్:

ప్రైమటీన్ మిస్ట్ వద్దు. అందులో ఉన్నది ఎపినెఫ్రిన్. ఊపిరి గొట్టాలతో పాటు గుండె మీదా పనిచేస్తుంది, కాసేపట్లోనే దిగిపోతుంది, లోపలి వాపుని తగ్గించదు. డబ్బా మీదే రాసి ఉంటుంది, అప్పుడప్పుడు వచ్చే తేలికపాటి ఉబ్బసానికని. రోజూ కంట్రోలర్ (ఫొరాకోర్ట్ లాంటి నివారణ మందు) వాడే నీకు అది వర్తించదు. మందులషాపులో నేరుగా దొరుకుతుందంటే సురక్షితమని కాదు.

ఇన్సూరెన్స్ వద్దనడం రెండు రకాలు. ప్రయర్ ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) అడిగితే డాక్టర్ ఆఫీసు ఫారం పంపాలి. ఫార్మసీ పంపిందా, డాక్టర్ అందుకున్నారా అని రెండు చోట్లా నువ్వే ఫోన్ చేసి కనుక్కో, ఆ కాగితం ఫ్యాక్స్ మెషీన్ల మధ్య రోజుల తరబడి పడుంటుంది. ఫార్ములరీలోనే లేదంటే, అదే తరగతిలో ఏది ఉందో ఫార్మసిస్ట్‌నే అడిగి డాక్టరుకి మార్పు సందేశం పంపించు. డబ్బు కట్టలేక ఖాళీ చేతుల్తో మాత్రం ఇంటికి వెళ్ళకు.

ఇంకో దారి: ఆస్ట్రాజెనెకా 2024 జూన్ 1 నుంచి సింబికార్ట్, ఎయిర్‌సుప్రా వంటి తన ఇన్‌హేలర్లకి నెలకి జేబులోంచి కట్టేది 35 డాలర్లు దాటకుండా పరిమితి పెట్టింది. ఇన్సూరెన్స్ లేనివాళ్ళకీ ఉంది, ప్రభుత్వ ఇన్సూరెన్సులైన మెడికేర్, మెడికెయిడ్ వాళ్ళకి లేదు. కంపెనీ సైట్లో సేవింగ్స్ కార్డు డౌన్‌లోడ్ చేసి కౌంటర్లో చూపించాలి, షరతులు అక్కడే చదువు. గుడ్‌ఆర్ఎక్స్ లాంటి కూపన్ అల్బ్యుటెరాల్‌కి బాగా కలిసొస్తుంది. కాకపోతే అలా కట్టినది మామూలుగా డిడక్టిబుల్‌లో (ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టే ముందు నువ్వు కట్టాల్సిన మొత్తంలో) జమ కాదు.

ఇండియా నుంచి తెప్పించుకుంటానంటావేమో. ప్రయాణంలో నీ వెంట మూడు నెలలకి మించకుండా, అసలు పెట్టెల్లో, ప్రిస్క్రిప్షన్‌తో, చేతి సంచిలో తెచ్చుకోవడం వేరు. పోస్టులో పంపమంటే కస్టమ్స్‌లో ఆగిపోయే ప్రమాదం ఉంది, ఆగినన్నాళ్ళూ నీకు మందుండదు.

కొలంబస్ థెరపిస్ట్:

అపాయింట్‌మెంట్‌లో ఒక మాట తప్పకుండా అడుగు తమ్ముడూ: అదే బ్యుడెసొనైడ్-ఫార్మొటెరాల్‌ని ఆయాసం వచ్చినప్పుడు కూడా వాడొచ్చా అని. స్మార్ట్ పద్ధతి అంటారు. 2020లో అమెరికా జాతీయ మార్గదర్శకాలు మధ్యస్థాయి ఉబ్బసానికి దీన్నే ముందు పెట్టాయి. 12 ఏళ్ళు దాటినవాళ్ళకి రోజు మొత్తం మీద గరిష్ఠంగా 12 పఫ్‌లు. ఫార్మొటెరాల్ నిమిషాల్లో పనిచేస్తుంది కాబట్టే ఇది కుదురుతుంది. అడ్వెయిర్‌లో ఉన్న సాల్మెటెరాల్ నెమ్మది, దాన్ని ఇలా వాడకూడదు. ఇక్కడొక చిక్కుంది: ఒక డబ్బాలో 120 పఫ్‌లు, నీ రోజువారీ నాలుగు పఫ్‌లకే అది 30 రోజుల్లో అయిపోతుంది. రిలీవర్‌గా కూడా వాడితే నెలాఖరుకి ముందే ఖాళీ. నెలకి రెండు ఇన్‌హేలర్లు, స్మార్ట్ కోసం అని చీటీలో రాయించుకోకపోతే ఇన్సూరెన్స్ రెండోదాన్ని ముందే తీయనివ్వదు.

అల్బ్యుటెరాల్ ఒక్కదానితోనే నెట్టుకురావడం పెద్ద తప్పు. వారంలో రెండు రోజులకి మించి అది కావాల్సొస్తోందంటే ఉబ్బసం అదుపులో లేదు. ఏడాదికి మూడు డబ్బాలు ఖర్చయితే తీవ్రమైన అటాక్ ముప్పు పెరుగుతుందని అంతర్జాతీయ సంస్థ జీనా చెబుతుంది, 2019 నుంచి అది అల్బ్యుటెరాల్ ఒక్కటే వాడమనడం మానేసింది.

ఇంకా ముఖ్యమైనది. అటాక్ వస్తే అల్బ్యుటెరాల్ 4 నుంచి 6 పఫ్‌లు, 20 నిమిషాలకోసారి, మొదటి గంటలో మూడుసార్లు. ఇది మామూలుగా యాక్షన్ ప్లాన్‌లో రాసే లెక్క, నీది డాక్టర్ చేత కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్‌కి అంటించు, రూమ్మేట్‌కి చూపించు. వాక్యం పూర్తి చేయలేకపోతున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా ఆ గంట కూడా ఆగకుండా 911. బిల్లు తలచుకుని ఆగొద్దు. డబ్బుందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా ఎమర్జెన్సీలో పరీక్షించి స్థిమితపరచాలని 1986 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. బిల్లు సంగతి తర్వాత ఆసుపత్రి ఆర్థిక సహాయ విభాగంతో మాట్లాడుకోవచ్చు.

ప్లేనో, టెక్సస్ నుంచి:

పిల్లల కోసం ఇది చదివేవాళ్ళకి: ఫ్లోవెంట్ అనే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ బ్రాండ్ 2024 జనవరితో ఆగిపోయింది. అదే మందు ఫ్లూటికసోన్ హెచ్ఎఫ్ఏ పేరుతో ఉంది, అన్ని ప్లాన్లూ కట్టవు. దాని బదులు క్యూవార్ రెడీహేలర్ ఇస్తే అది ఊపిరి లాగితేనే మందు వదులుతుంది, స్పేసర్ పెట్టకూడదు, ఊపకూడదు. మాస్క్, స్పేసర్‌తో వాడే చిన్నపిల్లలకి పనికిరాదని డాక్టరుకి గుర్తుచేయండి. పాల ప్రోటీన్ అలర్జీ తీవ్రంగా ఉన్న పిల్లలకి విక్సెలా, అడ్వెయిర్ డిస్కస్ వద్దు, ఆ పొడిలోని లాక్టోజ్‌లో పాల ప్రోటీన్ ఉంటుంది.

తమ్ముడూ, మీ అపార్ట్‌మెంట్ స్టవ్ మీది ఫ్యాన్ గాలిని బయటికి పంపుతోందో, జల్లెడలోంచి మళ్ళీ వంటింట్లోకే వదులుతోందో చూసుకో. అద్దె ఇళ్ళలో ఎక్కువగా రెండోదే. ఎండుమిర్చి తాలింపు ఘాటు అక్కడే తిరుగుతుంది, కిటికీ తీసి పెట్టు, లేదా ఆ పని రూమ్మేట్‌కి అప్పగించు. అగరొత్తులూ అంతే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన టెక్సస్‌లో సీడర్ పుప్పొడి ఎగురుతుంది, ముందే డాక్టరుకి చెప్పి ఉంచు. ఇన్‌హేలర్‌ని కారులో వదలకు, 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే డబ్బా పేలొచ్చు, ఇక్కడి ఎండలో ఆపిన కారు లోపల అంత వేడి తేలిగ్గా వస్తుంది.