దుఃఖంలో ఉన్నవాళ్లు "ఎల్లప్పుడును ఆనందించుడి" అన్న మాటను ఎలా పాటించాలి?

సంజెవెలుగు (ప్రశ్న)
అందరికీ ప్రభువు నామంలో వందనాలు. బైబిల్లో ఫిలిప్పీయులకు 4:4, "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అన్న వచనం గురించి అడుగుతున్నాను. ఇంట్లో మనిషి పోయినవాళ్లకు, పని పోయి అద్దె కట్టలేకపోతున్నవాళ్లకు ఈ వచనం చదివి వినిపిస్తే ఓదార్పుగా ఉండదు, నేరం మోపినట్టు ఉంటుంది. "నాకు సంతోషం లేదంటే విశ్వాసం లేనట్టేనా?" అంటారు. అలాగని వచనాన్ని దాటేసి పోలేం కదా. రోజూ ఏం చదవాలి, ఎంతసేపు, ఎక్కడ తేడా కొడుతుంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. "ప్రార్థన చేయండి, అంతా సర్దుకుంటుంది" అన్న జవాబు మాత్రం వద్దు.

ఒలీవకొమ్మ
వందనాలండీ. ముందు ఆ ఒక్క వచనాన్ని విడిగా చదవడం మానాలి. ఇది అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక, అంటే ఉత్తరం. మొత్తం 4 అధ్యాయాలు, 104 వచనాలు. పైకి చదివితే ఇరవై నిమిషాలు పట్టదు. పెన్సిల్ పట్టుకుని, సంతోషం అన్న మాట వచ్చినచోట ఒక గీత, బాధ కనబడినచోట ఇంకో గుర్తు పెట్టుకుంటూ చదవండి. మొదటి అధ్యాయంలోనే పౌలు సంకెళ్లలో ఉన్నాడు. 2:27లో పౌలు తోటి పనివాడు ఎపఫ్రొదితు చావుదాకా వెళ్లి బతికాడు. అతను పోయుంటే తనకు "దుఃఖముమీద దుఃఖము" కలిగేదని పౌలు దాచుకోకుండా రాశాడు. 3:18లో "ఏడ్చుచు చెప్పుచున్నాను" అన్నాడు. అంటే ఆనందించమని రాసిన చెయ్యి, కన్నీళ్లు తుడుచుకున్న చెయ్యి ఒకటే.

ఇంకో మాట. మనవాళ్లు ఆ వచనంలో "ప్రభువునందు" అన్నదాన్ని మింగేసి చదువుతారు. జరిగినదాన్ని చూసి ఆనందించమని పౌలు అనలేదు. 4:11లో సంతృప్తిగా ఉండడం "నేర్చుకొని యున్నాను" అన్నాడు చూడండి. నేర్చుకునేదైతే దానికి టైం పడుతుంది. మూడు రోజులకే రాలేదని ఎవరినీ నిలదీయకూడదు.

కన్నీటి సీసా
రోజువారీ పద్ధతి అడిగారు కాబట్టి 13వ కీర్తన పట్టుకోండి. ఆరే వచనాలు. 1-2లో మొర: "ఎంతకాలం" అని కీర్తనకారుడు దేవుణ్ని నాలుగుసార్లు అడుగుతాడు. 3-4లో విన్నపం. 5-6లో నమ్మిక, పాట. కీర్తనల్లో సుమారు మూడో వంతు ఇలాంటి మొరలే. కాబట్టి దేవుని దగ్గర గోడు చెప్పుకోవడం అవిశ్వాసం కానేకాదు.

రోజూ ఒకే వేళకు పదిహేను నిమిషాలు, ఒక నోట్‌బుక్. కీర్తన పైకి ఒకసారి చదవాలి. తర్వాత అదే వరసలో మన సొంత మాటల్లో రాయాలి. మొరకు సగం సమయం ఇవ్వండి, తొందరపడొద్దు. "కష్టంగా ఉంది ప్రభువా" అని రాస్తే చాలదు. "5వ తేదీకి అద్దె 8,000 కట్టాలి, చేతిలో 2,300 ఉన్నాయి, ఓనర్ ఫోన్ ఎత్తాలంటే భయంగా ఉంది" అని ఉన్నదున్నట్టు రాయాలి. విన్నపం ఒక్కటే, ఈ రోజుకు కావలసింది. చివర, దేవుడు ఇంతకుముందు చేసిన ఒక మేలు, తేదీ గుర్తుంటే తేదీతో సహా. 6వ వచనం చేసేది అదే, జరిగిన మేలును తలుచుకోవడం.

ఎక్కువమంది దగ్గర చెడేది ఒకచోటే: మొర చెప్పుకోకుండా నేరుగా 5వ వచనానికి దూకేస్తారు. అప్పుడు నోరు స్తోత్రం అంటుంది, లోపల కోపం అలాగే ఉండిపోతుంది. కొన్నాళ్లకు ప్రార్థనే వెగటు పుడుతుంది.

ఏమీ రాయబుద్ధి కాని రోజు 42వ కీర్తన చాలు. "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అని తన ప్రాణంతో తనే మాట్లాడతాడు. 42:5, 42:11, మళ్లీ 43:5, మూడుసార్లు. ఒకసారి చెబితే ప్రాణం వినదని కీర్తనకారుడికి తెలుసు.

బదరీ నీడ
పైన చెప్పినవన్నీ నిజమే, కానీ శరీరాన్ని వదిలేశారు. 1 రాజులు 19 చూడండి. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు, నిద్ర. మళ్లీ లేపి రొట్టె, నీళ్లు. హోరేబు కొండ దగ్గర దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే. రాత్రంతా నిద్రలేనివాళ్లను తెల్లవారుజామున ఉపవాస ప్రార్థనకు లాక్కెళ్లొద్దు.

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, పనిమీద ఆసక్తి తిరిగి రాకపోతే డాక్టరుకు చూపించాలి. మందులు వేసుకోవడం విశ్వాసలోపం కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలని ఉందని ఎవరైనా అంటే వాళ్లను ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆదరణ కూడికలో (మనిషి పోయిన ఇంట్లో ఓదార్పుకు జరిపే ప్రార్థనలో) చప్పట్ల పాటలు మొదలుపెట్టేవాళ్లు సామెతలు 25:20 చదవాలి. దుఃఖంలో ఉన్నవాడికి పాటలు వినిపించడం చలిరోజున పైబట్ట లాగేయడంతో సమానమట! పిల్లల్ని, ఆస్తిని పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరెత్తకుండా కూర్చున్నారు, అంతవరకు బాగుంది. నోరు తెరిచాకే గాయం చేశారు. వెళ్లినప్పుడు అన్నం క్యారేజీ పట్టుకెళ్లండి, ప్రార్థన ఐదు నిమిషాలు చాలు.

సంజెవెలుగు
చాలా మేలైంది, వందనాలు. ఒక్క సందేహం. మొర, విన్నపం రాశాక 5వ వచనం ఎంతకీ నోటికి రాకపోతే?

కన్నీటి సీసా
ఆ రోజుకు అక్కడే ఆపేయండి. 88వ కీర్తన 18 వచనాలూ చీకట్లోనే ముగుస్తాయి, చివర్లో పాట లేదు. అయినా మొదటి వచనంలో ఆయన్ని "నాకు రక్షణకర్తవగు దేవా" అనే పిలిచాడు. ఆ పిలుపు ఒక్కటి రాసి, తేదీ వేసి, నోట్‌బుక్ మూసేయండి. మర్నాడు మళ్లీ 13:1 నుంచి. వారమంతా అలాగే గడిస్తే, సంఘంలో నమ్మకమైన ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని, 5, 6 వచనాలు మీ తరఫున వాళ్లను చదవమనండి.