ఫ్లాకి అంటే పేగులా, బోటియా?

పోలండ్‌లో, వ్రొత్స్వాఫ్‌లో ఉంటున్నాను. మొన్న ఆదివారం మా ఇంటి ఓనరు పెద్దావిడ దగ్గర ఫ్లాకి వండడం నేర్చుకున్నా. గొడ్డు కడుపుతో చేసే పాతకాలపు సూపు. వీడియో కాల్‌లో అమ్మ "ఏం వండుతున్నావే?" అంటే మాట దొరకలేదు. డిక్షనరీలో ఫ్లాకి అంటే పేగులు అని ఉంది. కానీ గిన్నెలో ఒక్క పేగు లేదు, అంతా కడుపు గోడే. పేగుల పులుసు అందామంటే పులుపూ లేదు. ఏమనాలి?

— బోటి అనేయండి అక్కా. మా కరీంనగర్ వైపు పేగులు, కడుపు అన్నీ కలిపి బోటే. హైదరాబాద్ పాతబస్తీలో చాక్నా అంటే కూడా ఇలాంటి సరుకే. కడుపు ముక్కను మా ఇంట్లో మాత్రం "తువ్వాలు ముక్క" అంటాం, లోపలివైపు తువ్వాలు నూగులా ఉంటుందని.

— తువ్వాలు! భలే మాట. ఫ్లాక్ అనే మాట జర్మన్ నుంచి పోలిష్‌లోకి వచ్చింది. జర్మన్‌లో ఫ్లెక్ అంటే మచ్చ, అతుకు వేసే గుడ్డముక్క. వాళ్లకూ గుడ్డే గుర్తొచ్చిందన్నమాట.

— సున్నం రాసి గీకారా? మా అమ్మమ్మ వేడినీళ్లలో ముంచి ఆ నల్లపొర గీకేసరికి సగం పూట అయిపోయేది.

— ఆ బాధ లేదండీ, ఇక్కడ తెల్లగా శుభ్రం చేసే అమ్ముతారు. అయినా ఆవిడ రెండుసార్లు ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోయించింది. మూడోసారి నీళ్లు పోసి సన్నసెగన 3 గంటలు. కిటికీలన్నీ తెరిచినా వాసన పోలేదు, అది వేరే కథ. తర్వాత సన్నటి పోగుల్లా తరిగి, ఎముకల రసంలో క్యారెట్, సెలరీ దుంపతో ఉడికించి, బిర్యానీ ఆకు, మిరియాలు, అల్లం పొడి, జాజికాయ వేసి, వెన్నలో వేయించిన మైదాతో చిక్కబరిచాం. బ్రెడ్‌తో తింటారు.
ఇంకా ఎంతసేపని నేను గొణిగితే ఆవిడ నవ్వి ఒక సామెత చెప్పింది: "చొంగ్నె షె యాక్ ఫ్లాకి జ్ ఒలెయెం." నూనెతో ఫ్లాకిలా సాగుతోంది అని. తెగని టీవీ సీరియళ్లను కూడా ఇలాగే అంటారట. దీనికి తెలుగులో?

— ఉప్పు లేని పప్పు?

— అది చప్పదనం. ఇక్కడ ఉన్నది సాగడం. జీడిపాకం అనండి, అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. సీరియళ్లను మనమూ తిట్టేది ఆ మాటతోనే కదా.

— అవును, జీడిపాకమే! నాకెందుకు తట్టలేదో. పోలిష్‌లో ఈ ఫ్లాక్‌కి మర్యాద తక్కువ. సైకిల్ టైరులో గాలి పోతే అదీ ఫ్లాకే. మనకేమో పేగు అనగానే కన్నపేగు, పేగు తెంచుకుని పుట్టిన బిడ్డ, గొంతు బరువెక్కే మాటలు. అందుకే అమ్మతో "పేగుల సూపు" అనడానికి నోరు రాలేదేమో. బోటి చారు అనే ఖాయం చేసుకుంటున్నా.
ఇంకో సందేహం. చివర్లో మయెరానెక్ అని ఒక ఎండుటాకు అరచేతుల్లో నలిపి వేసింది. అది లేకపోతే ఫ్లాకి కాదంట. ఆ వాసన ఎక్కడో బాగా తెలిసినట్టుంది, గుర్తు రావట్లేదు.

— మరువం అండీ. మల్లెపూల మధ్య కట్టి జడలో పెట్టుకునే మరువమే.

— అదే! ఇప్పుడే అమ్మకు ఫోన్ చేసి చెప్పా. బోటి అన్నప్పుడు ఏమీ అనలేదు. మరువం అనగానే "తల్లో పెట్టుకునేది చారులో వేస్తారటే?" అని ఒకటే నవ్వు.