కార్బన్ డయాక్సైడ్ నేరుగా గ్లూకోజ్ అయిపోతుందా?

బైపీసీ_ఫస్టియర్: కాల్విన్ చక్రం బొమ్మ చూస్తేనే టెన్షన్. ఆకులోకి వెళ్లిన కార్బన్ డయాక్సైడ్ చక్కెర ఎలా అవుతుందో మామూలు మాటల్లో చెప్పండి ప్లీజ్.

పచ్చాకు: నేరుగా కాదండీ. రూబిస్కో అనే ఎంజైమ్ దాన్ని ఆకులో ఉండే 5 కార్బన్ల అణువు ఆర్‌యూబీపీకి అతికించగానే అది విడిపోయి 3 కార్బన్ల అణువులు రెండు వస్తాయి, వెలుగులో తయారైన ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్ అనే శక్తి మోసే అణువులను ఖర్చుపెట్టి మొక్క వాటిని జీ3పీ అనే చిన్న చక్కెరగా మారుస్తుంది. 6 జీ3పీల్లో 5 మళ్లీ ఆర్‌యూబీపీ తయారీకే పోతాయి! మిగిలిన ఒక్కటే లాభం, సుక్రోజైనా పిండిపదార్థమైనా దాంతోనే.

జొన్నచేను: ఆ రూబిస్కో ఎండ ముదిరితే ఆక్సిజన్‌నూ పట్టేసుకుంటుంది లెండి. అలా పట్టినప్పుడు చక్కెర తయారీ తగ్గుతుంది, వరికి ఆ నష్టం ఎక్కువ. జొన్న, మొక్కజొన్న కార్బన్ డయాక్సైడ్‌ను ముందే 4 కార్బన్ల ఆమ్లంగా పట్టి లోపలి కణాలకు పంపుతాయి కాబట్టి తట్టుకుంటాయి.

బైపీసీ_ఫస్టియర్: మరి మొక్క వదిలే ఆక్సిజన్ వచ్చేది కార్బన్ డయాక్సైడ్ నుంచేనా?

పచ్చాకు: కాదు, నీటి నుంచి.